గాలిగోపురం కట్టించిన రాజుగారి ఇల్లు ఏమైంది?

మంగళగిరికి ఏ దారిన వచ్చినా ముందుగా కనబడేవి రెండే. ఒకటి కొండ, రెండవది గాలిగోపురం. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. చేనేత మగ్గాల సందుల్లోంచి చూచినా, పొలం గట్టు మీద నిలబడి చూచినా అది కనబడుతూనే ఉంటుంది. దానిని 1807-1809 సంవత్సరాల మధ్య కట్టించినవారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు. కట్టేటప్పుడు గోపురం ఒక పక్కకు ఒరిగిందనీ, ఎదుట కోనేరు తవ్విస్తే మళ్ళీ నిటారుగా నిలబడిందనీ ఊళ్ళో పెద్దలు చెప్పుకుంటారు.

సంఘ పత్రికలో గోపురం సంగతి ఎందుకు అని కొందరు పాఠకులు అడగవచ్చు. మేము చెప్పబోయేది గోపురం కథ కాదు. గోపురం కట్టిన సొమ్ము ఎవరి కళ్ళాల్లోంచి వచ్చింది, ఏ ఇంటి మీదుగా వచ్చింది, ఆ ఇల్లు ఎట్లా పెరిగి ఎట్లా కూలిపోయింది అన్నదే మా విషయం. ఆ ఇంటికి శిస్తు కట్టినవారిలో మన తాతముత్తాతలు ఉన్నారు. శిస్తు కట్టడానికి కూడా భూమి లేక, ఊరికి వెట్టి చేసినవారిలో ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

వాసిరెడ్డివారి మొదటి కాపురం అమరావతి కాదు, చింతపల్లి. ఇది కృష్ణ ఒడ్డున, ఇప్పటి అచ్చంపేట మండలంలో ఉంది. వెంకటాద్రి నాయుడుగారు 1761లో పుట్టారు. 1783లో జమీందారీ ఆయన చేతికి వచ్చింది. కృష్ణకు ఇటు గుంటూరు సీమలోనూ, అటు నందిగామ వైపునా ఆయనకు గ్రామాలుండేవి. తండ్రి జగ్గయ్యగారి పేరిట బేతవోలును జగ్గయ్యపేట చేశారు. తల్లి అచ్చమ్మగారి పేరిట అచ్చంపేట వెలిసింది. మిరప, పత్తి బేరాలకు ఈ ఊళ్ళకు వెళ్ళి వచ్చే మన రైతులు రోజూ పలికే పేర్లు ఒక జమీందారు అమ్మానాన్నల పేర్లని ఎందరికి తెలుసు?

ఆ రోజుల్లో జమీందారు ఇల్లంటే వట్టి ఇల్లు కాదు. అదే కోట, అదే కచ్చేరీ, అదే ఖజానా, అదే న్యాయస్థానం. దివాను, అమల్దార్లు, గుమాస్తాలు, బంట్రోతులు, సిపాయిలు అందరూ ఆ ఇంటి గడప చుట్టూ బతికేవారు. ఊళ్ళో కరణం రాసిన లెక్క ఆ ఇంటికి చేరేది. కళ్ళంలో ధాన్యం రాశి మీద ముద్ర పడేదాకా రైతు ఒక్క గింజ కదపకూడదు. దొరవారి పాలు తీసిన తరువాత కరణానికి, కాపుకు, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేరలు కొలిచేవారు. చిట్టచివర పల్లె నుంచి వచ్చిన వెట్టివాని వంతు. కాలం మంచిదైతే ఒక కుంచమో రెండు కుంచాలో. కాకపోతే కళ్ళం ఊడ్చిన గింజలు, తాలు.

1788 సెప్టెంబరులో గుంటూరు సర్కారు నిజాం చేతినుండి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. మిగిలిన ఉత్తర సర్కార్లు అంతకు 20 ఏళ్ళ ముందే కంపెనీవి అయిపోయాయి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగు జాగీరుగా ఉన్నందున ఆలస్యమైంది. జమీందార్ల దగ్గర సిపాయిలు, కోటలు ఉండడం కంపెనీ దొరలకు ఇష్టం లేదు. చింతపల్లిలో వెంకటాద్రి నాయుడుగారికీ కంపెనీవారికీ పొసగలేదు. ఆయన ఆ కోటను విడిచి 1790ల చివరలో అమరావతికి వచ్చి కొత్త భవనం కట్టించారు. చుట్టూ కొత్త ఊరు వేయించి వర్తకులను, బ్రాహ్మణులను పిలిపించి ఇళ్ళ స్థలాలిచ్చారు.

ఊరు కట్టాలంటే రాయి కావాలి, ఇటుక కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే పెద్ద పెద్ద ఇటుకలు, తెల్లని చలువరాతి పలకలు, వాటి మీద బొమ్మలు. అది రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ స్తూపమని అప్పుడెవరికీ తెలియదు. కొన్ని పలకలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు ఆ సంగతి విని 1797లో వచ్చి చూచారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం తవ్విన పెద్ద గొయ్యి ఉంది! మిగిలిన పలకలకు మెకంజీగారి మనుషులు బొమ్మలు గీసుకున్నారు. వాటిలో ఎన్నో రాళ్ళు తరువాత కనబడకుండా పోయాయి. ఆ బొమ్మలే ఇప్పుడు వాటికి సాక్ష్యం.

చెంచుల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అమరావతి, సత్తెనపల్లి వైపు ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. దారులు కొట్టి దోచుకుంటున్నారని చెంచుల మీద రాజుగారికి కోపం వచ్చింది. వారిని భోజనానికి పిలిచి, వచ్చినవారిని వందల సంఖ్యలో నరికించారట. నరుకుళ్ళపాడు అనే ఊరికి ఆ పేరు అందువల్లనే వచ్చిందంటారు. ఆ తరువాత ఆయన కూర్చున్న విస్తట్లో అన్నం పురుగులుగా కనబడేదనీ, ఆ పాపభీతితోనే అమరావతి చేరి గుళ్ళు, గోపురాలు కట్టించారనీ కథ ముగుస్తుంది. విస్తట్లో పురుగుల మాట కథే కావచ్చు. ఊరి పేరు మాత్రం నేటికీ అదే. ఈ కథ చెప్పేవారు రాజుగారి పశ్చాత్తాపాన్ని విస్తరించి చెబుతారు. చచ్చినవారి భార్యాపిల్లలు ఏమయ్యారో ఒక్కరూ చెప్పరు. మాకు ఈ కథలో అన్నిటికంటె బాధ కలిగించేది అదే.

1802లో శాశ్వత శిస్తు నిర్ణయం జరిగింది. రైతులనుండి జమీందారుకు వచ్చే రాబడి ఎంతో అంచనా కట్టి, అందులో సుమారు మూడింట రెండు వంతులు పేష్కషుగా ఏటేటా కంపెనీకి కట్టాలన్నారు. వాన పడినా పడకపోయినా ఆ మొత్తం మారదు. గుంటూరు సీమ అప్పుడు ఐదు జమీందారీలు: వాసిరెడ్డి, రేపల్లె, సత్తెనపల్లి, చిలకలూరిపేట, నరసరావుపేట. వీటిలో వాసిరెడ్డివారిదే పెద్దది. మంగళగిరి గోపురం లేచింది ఈ ఒప్పందం జరిగిన ఐదేళ్ళకు. వెండి బంగారాలతో తులాభారం తూగి దానాలు చేసిన రాజుగా ఆయన పేరు పుస్తకాల్లో నిలిచింది. అంత సొమ్ము కేవలం నల్లరేగడి మెట్టపొలాల నుంచి, అంటే జొన్న, పత్తి, పప్పుధాన్యాలు పండే వానాధారపు చేల నుంచి వచ్చిందని గుర్తు పెట్టుకుంటే చాలు. అప్పటికి కృష్ణకు ఆనకట్ట లేదు, కాలువ లేదు.

ఇక్కడ కాస్త దూరదేశం వెళ్ళి వద్దాము. 1706లో తరంగంబాడికి మొట్టమొదటి ప్రొటెస్టెంటు మిషనెరీలు జీగెన్‌బాల్గు, ప్లూచౌ గార్లను పంపించినది డెన్మార్కు రాజు. ఆ దేశపు పల్లెల్లోనూ మన జమీందారుల వంటి దొరలే ఉండేవారు. పెద్ద మేడ, చుట్టూ నీళ్ళ కందకం, వందల ఎకరాల సొంత సేద్యం, ఆ సేద్యానికి కూలి లేకుండా పని చేయవలసిన చుట్టుపట్ల కౌలు రైతులు. 1733 నుంచి అక్కడ ఒక చట్టముండేది. పల్లెలో పుట్టిన మగవాడు దొరగారి సెలవు లేకుండా ఆ ఎస్టేటు విడిచి వెళ్ళకూడదు. చివరకు 4 ఏళ్ళ పసివాని నుంచి 40 ఏళ్ళ మనిషి దాకా అందరికీ ఆ కట్టు బిగించారు. మాట విననివానిని పదునైన వీపు గల కొయ్యగుర్రం మీద కూర్చోబెట్టి శిక్షించేవారు. అనేక గ్రామాల్లో ఊరి చర్చి దొరగారి ఆస్తి, పాదిరిగారిని నియమించే హక్కు కూడా ఆయనదే. ఆదివారం ప్రసంగం చేసే పాదిరిగారు సోమవారం ఆ కొయ్యగుర్రం గురించి నోరెత్తగలరా?

ఆ కట్టును డెన్మార్కు ప్రభుత్వం 1788 జూను 20న రద్దు చేసింది. గుంటూరు సర్కారు కంపెనీ పరమైనది అదే సంవత్సరం సెప్టెంబరులోనని పైన రాశాము. అక్కడ రైతుకు కాలి సంకెల ఊడిన ఏడాది, ఇక్కడ రైతుకు దొర పైన ఇంకొక దొర వచ్చి కూర్చున్నాడు. డెన్మార్కులో ఆ తరువాత చాలామంది కౌలుదార్లు తమ కమతాలను కొనుక్కొని సొంత రైతులయ్యారు. గుడిసె తప్ప గజం భూమి లేని కూలివారు మాత్రం ఇంకో నూరేళ్ళు ఆగవలసి వచ్చింది. 1919లో పెద్ద దొరల వంశపారంపర్యపు ఎస్టేట్లను రద్దు చేసే చట్టం వచ్చినప్పుడు, వారినుంచి కొంత భూమి తీసి చిన్న కమతాలుగా పంచారు. జట్లాండులోని గామెల్ ఎస్ట్రుప్ అనే పాత దొరమేడ 1930లో మ్యూజియం అయింది. అప్పుడు ఆ గుమ్మంలోకి అనుమతి లేనివారి మనుమలు ఇప్పుడు టిక్కెట్టు కొని లోపలంతా తిరుగుతున్నారు.

మన అమరావతి ఇంటికి అటువంటి గతి పట్టలేదు. 1816 మార్చిలో పిండారీ గుర్రపు దళాలు గుంటూరు సీమ మీద పడ్డాయి. సుమారు పన్నెండు రోజుల్లో 339 గ్రామాలు దోచుకున్నారనీ, 182 మందిని చంపారనీ, 3,603 మందిని హింసించారనీ కంపెనీ లెక్కలు చెబుతున్నాయి. సిపాయిలను తగ్గించుకోవలసి వచ్చిన జమీందార్లు గాని, రక్షణ మాది అన్న కంపెనీ గాని అడ్డుపడలేకపోయారు. అదే ఏడాది ఆగస్టులో వెంకటాద్రి నాయుడుగారు కాలం చేశారు.

ఆయనకు కడుపున పుట్టిన కొడుకులు లేరు. 1798లో జగన్నాథబాబును దత్తత చేసుకున్నారు. ఆ దత్తత కొడుకు ఉండగానే 1807లో రామనాథబాబును కూడా చేసుకున్నారు. రాజుగారు పోగానే ఇద్దరూ కచ్చేరీ ఎక్కారు. 1825లో జగన్నాథబాబు చనిపోతే ఆయన భార్యలు అచ్చమ్మ, రంగమ్మ గార్లు వ్యాజ్యంలోకి వచ్చారు. జిల్లా కోర్టు, మద్రాసు సదరు అదాలతు, చివరకు సముద్రాలు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు. ఒక దత్తపుత్రుడు బతికి ఉండగా రెండవ దత్తత చెల్లదని అక్కడ తీర్పు వచ్చింది 1846లో. రాజుగారు పోయి 30 సంవత్సరాలు! రంగమ్మ-అచ్చమ్మ వ్యాజ్యమని న్యాయశాస్త్రం చదివేవారికి ఈ తీర్పు నేటికీ పాఠమే. వకీళ్ళకు లాభం, ఇంటికి నష్టం. తీర్పు వచ్చేనాటికి ఎస్టేటు పేష్కషు బకాయిల్లో మునిగి సర్కారు అజమాయిషీలో ఉంది. మన ఊళ్ళలో రెండెకరాల గట్టు తగాదాకు 20 ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగే అన్నదమ్ములకు ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుండును.

ఆ వ్యాజ్యం నడుస్తుండగానే నందన సంవత్సరం వచ్చింది. 1832లో వానలు తప్పాయి. 1833లో జనం రాలిపోయారు. గుంటూరు సీమలో అప్పుడు సుమారు ఐదు లక్షల జనాభా. అందులో ఒకటిన్నర లక్షల నుంచి రెండు లక్షల మంది పోయారని ఆనాటి అంచనాలు. దీనినే పెద్దలు నందన కరువు అన్నారు, డొక్కలు బయటపడ్డ మనుషులను చూచి డొక్కల కరువు అన్నారు. బాటల పక్కన ఎముకలు ఏళ్ళ తరబడి కనబడేవట. ఇంతమంది పోయినా పేష్కషు మొత్తం మాత్రం కాగితం మీద అట్లాగే ఉండిపోయింది. దున్నేవాడు లేక చేలు బీళ్ళయ్యాయి. జమీందారు చేతికి రాబడి లేదు, కంపెనీకి కట్టవలసిన బకాయి మాత్రం ఏడాదికేడాది పెరిగింది. ఐదు జమీందారీలూ 1840లలో ఒక్కొక్కటిగా సర్కారు చేతిలో పడ్డాయి.

గుంటూరు రెవెన్యూ ఎందుకు ఇంతగా చెడిందో విచారించమని 1845లో వాల్టర్ ఇలియట్ గారిని పంపారు. హుజూరు కచ్చేరీ ఉద్యోగులు ఎట్లా కూడబలుక్కొని తింటున్నారో ఆయన తవ్వి బయటపెట్టారు. ఆయన తవ్వినది లెక్కలనే కాదు. అదే సంవత్సరం అమరావతి దిబ్బనూ తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపారు. అవి 1859లో ఓడ ఎక్కి లండను చేరాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్ళాయి. ఒక్క మనిషి ఒక్క ఏడాదిలో రెండు శిథిలాలు పరిశీలించారన్నమాట. ఒకటి బౌద్ధుల స్తూపం, రెండవది జమీందారుల కాలం. ఒకప్పటి రాజభవనం నాటి రూపంలో ఇప్పుడు లేదు. అది కట్టేటప్పుడు మిగిలిపోయిన రాళ్ళు మాత్రం లండనులో అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి.

కరువు వచ్చి పదేళ్ళు కాకముందే, 1842 జూలైలో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు చేరారు. కలెక్టరు హెన్రీ స్టోక్సు గారు ఆయనను ఆదరించి ఇక్కడే ఉండిపొమ్మన్నారు. లూథరన్ సంఘాల పాఠకులకు ఇది తెలిసిన చరిత్రే. 1849లో హయ్యర్ గారు పల్నాడు వెళ్ళి గురజాలలో కాపురమున్నారు. మేము ఇక్కడ చెప్పదలచినది ఒక్క మాట గురించి. మనవాళ్ళు జమీందారును ‘దొర’ అన్నారు, కలెక్టరును ‘దొర’ అన్నారు, మిషనెరీని కూడా ‘దొర’ అనే పిలిచారు. ముగ్గురిదీ బంగళాయే. కొత్త దొర బడి పెట్టాడు, మందిచ్చాడు, పల్లెలోకి వచ్చి గుడిసె ముందు కూర్చున్నాడు. జమీందారు గడప ఎక్కడానికి హక్కు లేని మనిషి ఈ బంగళా వరండాలో నిలబడి తన మాట చెప్పుకోగలిగాడు. ఆ తేడా చిన్నది కాదు. అయితే చేతులు కట్టుకొని నిలబడే అలవాటు మాత్రం కోటనుంచి బంగళాకు నడిచి వచ్చింది. సంఘాల్లో ఇప్పటికీ పెద్ద ఉద్యోగి రాగానే కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకునే ముసలివారిని చూస్తుంటే, ఆ అలవాటు ఎంత పాతదో మాకు తెలుస్తుంది.

జమీందారులు పోయి రైతువారీ వచ్చింది. ఇక రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలి. హింస ఆగిందా? 1855లో మద్రాసు ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, శిస్తు వసూలుకు ఉద్యోగులు చిత్రహింసలు పెడుతున్న మాట నిజమేనని తేల్చింది. తెలుగు సీమలో ఎక్కువగా వాడినది చిరత. రెండు చెక్కల మధ్య వేళ్ళో చేతులో పెట్టి బిగించేవారు. భూమి ఉన్నవానికే ఈ గతి. భూమి లేని పల్లెవానికి పట్టా రాదు గనుక, శిస్తు రిజిస్టరులో అతని పేరు కూడా ఎక్కలేదు. కొన్ని సంఘాల బాప్తిస్మపు పుస్తకాలు తిరగేస్తే మాకు తోచినది ఇదే. ఆ కుటుంబాల పేర్లు సిరాతో మొదటిసారి రాసిన పుస్తకం చాలాచోట్ల అదే అయి ఉంటుంది.

గుంటూరులో పోయినా, కృష్ణకు అవతల జమీందారీలు ఇంకో నూరేళ్ళు నిలిచాయి. 1908లో ఎస్టేటు భూముల చట్టం వచ్చి, జమీందారీ రైతుకు దున్నే హక్కును కొంత ఖాయం చేసింది. నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి.రంగా గారి రైతు ఉద్యమం తరఫున 1937లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు వైపు కాలినడకన సాగారు. రెవెన్యూ మంత్రిగా టంగుటూరి ప్రకాశం గారు విచారణ జరిపి 1938లో నివేదిక ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. డెన్మార్కు చట్టానికీ దీనికీ మధ్య 29 ఏళ్ళు. కాని ఇక్కడ చట్టం రైతు దగ్గరే ఆగింది. కూలివాని గుడిసె దాకా రాలేదు.

వాసిరెడ్డి ఇంటిపేరు గల జమీందారులు మరొకరు జగ్గయ్యపేట దగ్గర కృష్ణ ఒడ్డున ముక్త్యాలలో ఉండేవారు. ఆ ఇంటి రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు జమీందారీ పోయిన తరువాత ఇంట్లో కూర్చోలేదు. కృష్ణ నీటిని ఎగువన ఆపి మెట్టసీమలకు ఇవ్వాలని పట్టుబట్టారు. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టదగినదా అని చూడడానికి 1952లో ఖోస్లా కమిటీ వచ్చింది. అప్పుడు అది దారి లేని అడవి. రాజాగారు పూనుకొని, కమిటీవారి జీపులు అక్కడికి చేరేటట్లు చుట్టుపట్ల గ్రామాలవారి సాయంతో బాట వేయించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. నందన కరువులో మనుషులు రాలిన పల్నాటి మెట్టల్లో కుడి కాలువ పారింది. వాసిరెడ్డివారి పేరు చెప్పగానే అందరూ గోపురం వైపు చూపిస్తారు. మమ్మల్ని అడిగితే ఆ బాట వైపు చూపిస్తాము.

భూమి లెక్క ఇంకా ముగియలేదు. 2015లో కొత్త రాజధాని కోసం మంగళగిరి, తుళ్ళూరు, తాడేపల్లి ప్రాంతాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూమిని రైతులు సమీకరణకు ఇచ్చారు. పొలాలతో పాటు ఆ పొలాల్లో దొరికే కూలిపని కూడా పోతుంది గనుక, భూమిలేని కుటుంబాలకు పదేళ్ళపాటు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. అది చాలినదా, సమయానికి అందినదా అన్నది ఆ కుటుంబాలే చెప్పాలి. మాకు ముఖ్యమనిపించినది ఇంకొకటి. వాసిరెడ్డివారి కచ్చేరీలో, కంపెనీ రిజిస్టరులో, 1948 చట్టంలో చోటు దొరకని కుటుంబాలను ఈసారి ఒక జాబితాలో రాయవలసి వచ్చింది.

మీ ఇళ్ళలో అటక మీదనో, ట్రంకుపెట్టె అడుగునో పాత కాగితాలు ఉంటాయి. శిస్తు రసీదు, ఇనాము పట్టా, కౌలు కాగితం, మిషను బడి సర్టిఫికెట్టు, ఏదైనా సరే. చెదలు పట్టకముందే తీసి ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, ఒక నకలు తీయించి దాచండి. కాగితం లేని ఇళ్ళలో ముసలివారు ఉంటారు. వెట్టి ఎవరు చేశారు, ఏ ఊరి దొరకు చేశారు, కళ్ళంలో ఎన్ని కుంచాలు కొలిచేవారు అని అడిగి, పిల్లల చేత ఒక నోటుబుక్కులో తేదీ వేయించి రాయించండి.